మా ఒటావా ఇంటికి వెంటిలేటరు పెట్టించిన వైనం

2022 నవంబర్ 19 ఉదయం మా అబ్బాయి గదిలో కిటికీ గూట్లో పెట్టిన లెక్కల పుస్తకం తడిసి, ఉబ్బి, అట్ట ఊడిపోయి కనిపించింది. రాత్రి మంచినీళ్ళ గ్లాసు ఒలకబోసి ఉంటాడనుకుని వాడిని నాలుగు మాటలన్నాను. తెర పక్కకు లాగి చూసేసరికి అద్దం కింది సగమంతా నీటి బొట్లు పట్టి ఉన్నాయి. అవి చట్రం వెంబడి కారి గూట్లో మడుగు కట్టాయి. అది పాత కిటికీ కూడా కాదు. రెండు నెలల కిందట, సెప్టెంబర్‌లో, ఇంటి కిటికీలన్నిటికీ కలిపి 14,000 డాలర్లు పోసి వేయించుకున్న మూడు పొరల అద్దాల కిటికీల్లో ఒకటి. వాడికి క్షమాపణ చెప్పి, పుస్తకాన్ని ఇంటిని వేడి చేసే ఫర్నేస్ గాలి వచ్చే జాలీ మీద ఆరబెట్టి, మిగతా గదులన్నీ తిరిగి చూశాను. పడకగదులు మూడింటిలోనూ ఇదే వరస.

మేమున్నది ఒటావా నగరానికి దక్షిణాన బార్‌హేవెన్‌లో, 1986లో కట్టిన ఇంట్లో. కెనడా ప్రభుత్వపు గ్రీనర్ హోమ్స్ గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకుని, 2022 వేసవిలో అటక మీద ఇన్సులేషన్ మందంగా వేయించి, గోడల సందులు పూడ్పించి, కిటికీలు మార్పించాం. ఆ గ్రాంటు చేతికి రావాలంటే పనులకు ముందొకసారి, తర్వాత మరొకసారి ఇంటికి పరీక్ష చేయించాల్సి ఉండేది. వీధి తలుపు బార్లా తెరిచి, ఆ ఖాళీలో ఎర్రటి గుడ్డ బిగించి, దాని మధ్య పెద్ద ఫ్యాను అమర్చి ఇంట్లో గాలిని బయటికి లాగుతారు. లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా 50 పాస్కళ్ళకు చేరినప్పుడు గంటలో ఇంటి గాలి మొత్తం ఎన్నిసార్లు మారుతున్నదో లెక్క కడతారు. జూన్‌లో మాకు 5.8 వచ్చింది, పనులన్నీ అయ్యాక అక్టోబర్ 14న 3.2 వచ్చింది. సందుల గుండా పోయే వేడిలో దాదాపు సగం ఆగిపోయిందన్నమాట. ఆ సంతోషంలో నివేదిక మొదటి పేజీని ఫ్రిజ్ తలుపుకు కూడా అంటించుకున్నాం. నాలుగో పేజీలో, ఇల్లు ఇంత బిగుతుగా అయ్యాక యంత్రంతో గాలి మార్పిడి ఏర్పాటు చేసుకోవాలని రాసిన ఒక్క వాక్యాన్ని మాత్రం మేమిద్దరం చదవలేదు. పరీక్షకు వచ్చినాయన నోటితో కూడా చెప్పాడని మావారు తర్వాత గుర్తు చేసుకున్నారు. అప్పుడాయన ఫోన్‌లో ఉన్నారట.

మొదట అనుమానం వచ్చింది మా అత్తయ్యగారికి. ఆవిడ అక్టోబర్ 8న రాజమండ్రి నుంచి వచ్చారు. వచ్చిన వారానికే హాల్లో నిలబడి పైకప్పు కింది గోడలన్నీ కలయజూసి, “అమ్మాయ్, ఈ ఇంటికి వెంటిలేటర్లు పెట్టలేదేమిటి? వేడిగాలి ఎక్కడికి పోతుంది?” అని అడిగారు. వాళ్ళింట్లో ప్రతి కిటికీకీ పైన జానెడు ఎత్తున ఇనుప కడ్డీల వెంటిలేటరు ఉంటుంది. పిచ్చుకలు గూళ్ళు పెడతాయని తిట్టుకుంటారే గానీ దాన్ని మూయరు. ఇక్కడి చలికి అలాంటి కన్నాలు పెట్టరని నేను నవ్వుతూ చెప్పాను. ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు నాలుగు నెలలూ ఆరు వేల డాలర్లూ పట్టాయి.

ఐదుగురం ఉండే ఇల్లు. పొద్దున ఇడ్లీ పాత్ర ఆవిరి, మధ్యాహ్నం పప్పు కుక్కరు, సాయంత్రం పులుసు, ఐదుగురి స్నానాలు. వీటికి తోడు చలికాలం బట్టలు బయట ఆరవని బేస్‌మెంట్‌లో కట్టిన తాడు. ఇవన్నీ పాత ఇంట్లోనూ ఉన్నాయి, కానీ అప్పుడు పనికిమాలిన కిటికీల సందుల్లోంచి చెమ్మ తన దారిన తాను పోయేది. ఇప్పుడు దానికి పోయే దారి లేదు.

డిసెంబర్ 11న పాప చేతి తొడుగు బట్టల బీరువా వెనక పడిందని బీరువాను ముందుకు జరిపినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఉత్తరపు మూలన, బయటి గోడ మీద, నేలకు జానెడెత్తు వరకు నల్లటి, ఆకుపచ్చటి మచ్చలు. వానాకాలంలో మూసి ఉంచిన గోనెసంచిలోంచి వచ్చే వాసన. మా అబ్బాయి మూడు వారాలుగా రాత్రుళ్ళు పొడిదగ్గు దగ్గుతున్నాడు, వాడి తలగడ ఆ మూలకు రెండడుగుల దూరంలో ఉంది. దగ్గుకు కారణం అదేనని డాక్టరు తేల్చి చెప్పలేదు, కాదనీ అనలేదు. ఆ రాత్రి వాడిని మా గదిలో పడుకోబెట్టుకుని, సబ్బు నీళ్ళతో గోడ తుడుస్తూ, చదవని ఆ నాలుగో పేజీ గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది. అంతకంటే బాధ కలిగించిన విషయం ఇంకొకటి ఉంది: తన వంట ఆవిరి వల్లే గోడ పాడయిందని అత్తయ్యగారు మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వారం రోజులు ఇడ్లీ పెట్టడం మానేశారు. ఎందుకని అడిగితే పిండి పులవడం లేదన్నారు.

డిసెంబర్ 14న 240 డాలర్లు పెట్టి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్), తేమను కొలిచే చిన్న పరికరం కొన్నాను. బయటి గాలిలో ఆ వాయువు 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 420 వంతుల ప్రాంతంలో ఉంటుంది. ఇళ్ళలో రోజంతటి సగటు 1,000 దాటకూడదని హెల్త్ కెనడా మార్గదర్శకం. తలుపు వేసుకుని పిల్లలిద్దరూ పడుకున్న గదిలో ఉదయం ఆరింటికి అది 2,140 చూపింది. తేమ 58 శాతం. బయట మైనస్ పదిహేనూ ఇరవై ఉన్నప్పుడు ఇంట్లో తేమ 30 శాతానికి అటూ ఇటూ ఉంటేనే అద్దాలు పొడిగా ఉంటాయి. పొద్దున్నే తలనొప్పితో లేస్తున్నది నిద్ర చాలక కాదేమోనని అప్పుడు తట్టింది.

పండుగ సెలవుల్లో పది కంపెనీలకు ఫోన్ చేస్తే నలుగురు పలికారు, ముగ్గురు వచ్చారు. జనవరి 5న వచ్చినాయన పావుగంటలో చూసి, ఫర్నేస్ పక్కన గాలి మార్పిడి యంత్రపు పెట్టె వేలాడదీసి, దాని గొట్టాలు రెంటినీ ఫర్నేస్ డక్టులకే కలిపేస్తానని 2,900 డాలర్లు చెప్పాడు. 9న వచ్చినాయన ప్రతి పడకగదికీ విడిగా గొట్టం వేసి పైకప్పులు విప్పుతానని 7,800 చెప్పాడు. 12న వచ్చినావిడ టేపుతో ప్రతి గదినీ కొలిచి, కాగితం మీద లెక్క వేసి చూపించింది. పెద్ద పడకగదికి 20, బేస్‌మెంట్‌కు 20, మిగతా ఎనిమిది గదులకు తలా 10, మొత్తం 120. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న ఈ కొలతను వీళ్ళు సీఎఫ్‌ఎం అంటారు. యంత్రానికి ఆ మాత్రం సత్తా ఉండాలని, మూడు పడకగదుల ఇంటికి రాత్రింబగళ్ళు నడిచే వేగం మాత్రం 64 ప్రాంతంలో ఉంటే చాలని చెప్పింది. చెడు గాలిని రెండు స్నానాల గదుల నుంచి సొంత గొట్టాలతో లాగడం, మంచి గాలిని ఫర్నేస్ వెనక్కి లాగే డక్టులో కలిపి ఇల్లంతా పంచడం, ఆవిడ పద్ధతి. 4,600 డాలర్లు, ఆ పైన 13 శాతం పన్ను. ఇంటి వెంటిలేషన్ పనిలో హెచ్‌ఆర్‌ఏఐ అనే వృత్తి సంస్థ ఇచ్చే శిక్షణ పత్రం ఉందా అని ముగ్గురినీ అడిగాను. చూపించింది ఈవిడ ఒక్కతే. ముగ్గురిలోనూ నా ప్రశ్నలకు నా ముఖం చూసి జవాబిచ్చింది కూడా ఆవిడే. మిగతా ఇద్దరూ నేను అడిగితే మావారికి చెప్పారు.

ఈ యంత్రాల్లో రెండు రకాలున్నాయి: హెచ్‌ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్), ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్). ఏది పెట్టించాలన్న దాని మీద ఇంట్లో పది రోజులు చర్చ నడిచింది. రెండింటిలోనూ బయటికి పోయే వెచ్చటి గాలి, లోపలికి వచ్చే చల్లటి గాలి పక్కపక్కన పల్చటి రేకుల మధ్య నుంచి ఒకదానితో ఒకటి కలవకుండా పోతాయి. ఆ దారిలో వేడి మాత్రం చేతులు మారుతుంది. ఈఆర్‌వీలో రేకులకు బదులు పొర ఉంటుంది, అది వేడితో పాటు చెమ్మను కూడా కొంత వెనక్కి ఇచ్చేస్తుంది. చలికాలంలో గాలి మరీ పొడిబారి పెదవులు పగులుతాయి కాబట్టి ఈఆర్‌వీ మేలని మొదటాయన వాదన. ఇద్దరే ఉండి, వంట తక్కువగా చేసుకునే ఇంటికి ఆ మాట నిజమే. మాది రోజూ లీటర్ల కొద్దీ నీటిని గాలిలో కలిపే ఇల్లు. వదిలించుకోవలసిన చెమ్మను వెనక్కి తెచ్చుకోవడం దేనికని హెచ్‌ఆర్‌వీకే మొగ్గాం. జనవరి 16న సంతకాలు చేసి, మూడో వంతు సొమ్ము బయానాగా ఇచ్చాం. ఫిబ్రవరి 1, 2 తేదీలు ఖాయమయ్యాయి.

ఈ మధ్యలో పూజ గది పేచీ వచ్చింది. ఇక్కడి చాలా తెలుగు ఇళ్ళలో లాగే మేమూ మెట్ల పక్కనున్న బట్టల అరకు తలుపులు తీసేసి దేవుడి గూడుగా మార్చుకున్నాం. మేడ మీది స్నానాల గది నుంచి బేస్‌మెంట్‌కు తిన్నగా దిగే దారి సరిగ్గా ఆ గూడు వెనక మూలే. గొట్టం కనపడకుండా చెక్కపెట్టెలో మూసేస్తాం, వాసన రాదు, చప్పుడు రాదు అని వాళ్ళు చెప్పారు. మరుగుదొడ్డి గాలి వెంకటేశ్వరస్వామి వెనక నుంచి పోవడమేమిటని అత్తయ్యగారు ఒక్క మాటే అన్నారు, తర్వాత ఎంత చెప్పినా మళ్ళీ నోరు విప్పలేదు. చివరికి దుప్పట్లు పెట్టుకునే పక్క అర నుంచి గొట్టాన్ని తిప్పడానికి 250 డాలర్లు అదనంగా ఒప్పుకున్నాం. దుప్పట్ల అరలో మూడో వంతు చోటు పోయింది. ఆ డబ్బు దండగని మావారు ఇప్పటికీ అంటారు, తల్లి వినకుండా.

ఫిబ్రవరి 1 ఉదయం ఎనిమిదిన్నరకు ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. ఒకరు పాతికేళ్ళ కుర్రవాడు, ఒకరు పెద్దాయన. బయటి గోడకు ఆరంగుళాల గొట్టాలు పట్టే కన్నాలు రెండు కోయాలి. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటు చూసి నాకు అనుమానం వచ్చింది. గాలి లోపలికి తీసుకునే కన్నం మా వంటింటి చిమ్నీ గొట్టం బయటికి వచ్చే చోటికి చాలా దగ్గరగా ఉంది. ఇంగువ పోపు వాసన బయటికి పంపి, మళ్ళీ పడకగదిలోకి తెచ్చుకోవడమే అవుతుందని చెప్పాను. పెద్దాయన నవ్వి, టేపు తీసి కొలిచి, నవ్వడం ఆపి, గుర్తును పక్క గోడకు మార్చాడు. పొగ, ఆవిరి బయటికి వదిలే ఏ గొట్టానికైనా, బట్టలారబెట్టే యంత్రపు గొట్టానికైనా, ఈ కన్నం కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి. నేల నుంచి కనీసం పద్దెనిమిది అంగుళాల ఎత్తులో ఉండాలి. మా పక్క గోడ కింద మంచు నడుం లోతు పేరుకుంటుంది కాబట్టి నాలుగడుగుల ఎత్తున పెట్టించాను. కారు ఆపే చోటికి ఎదురుగా లేకుండానూ చూసుకున్నాను.

కన్నం కోస్తున్న గంటన్నర సేపు బేస్‌మెంట్‌లో ఊపిరి పొగలు కక్కింది. ఇలా అవుతుందని ఎవరూ ముందు చెప్పలేదు. ఇటుక దుమ్ము మెట్లెక్కి వంటింటి దాకా వచ్చింది. పప్పుల డబ్బాల మూతలన్నీ తుడవవలసి వచ్చింది. బేస్‌మెంట్‌లో బట్టలు, పచ్చళ్ళ జాడీలు ఉన్నవాళ్ళు ముందు రోజే పాత దుప్పట్లు కప్పి పెట్టుకోవడం మంచిది.

మధ్యాహ్నం పెట్టెను గొలుసులతో దూలాలకు వేలాడదీశారు. నేరుగా బిగిస్తే దాని అదురు పై అంతస్తు నేలకు పాకుతుందట. మూత తీసి, లోపలి ప్రధాన భాగాన్ని కుర్రవాడు నా చేతిలో పెట్టాడు. చేటంత వెడల్పు, బరువు పెద్దగా లేదు, పల్చటి ప్లాస్టిక్ రేకులు ఒకదాని మీద ఒకటి, మధ్య మధ్య సన్నటి గాడులు. అత్తయ్యగారు వేలితో అంచు తాకి చూసి, ఆత్రేయపురం పూతరేకుల దొంతరలా ఉందన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఒక వరస గాడుల్లోంచి ఇంటి గాలి పోతే, దాని పై వరసలోంచి వీధి గాలి వస్తుంది. వెచ్చటి గాలి చల్లబడినప్పుడు అందులోని చెమ్మ నీరై అడుగున పళ్ళెంలోకి దిగి, సన్నటి గొట్టం గుండా నేల తూములోకి పోతుంది. ఆ గొట్టాన్ని మధ్యలో ఒక మెలిక తిప్పి అందులో గ్లాసుడు నీళ్ళు పోయాలి, లేకపోతే యంత్రం తూములోని కంపును పైకి లాగుతుంది. మా వాళ్ళు మెలిక తిప్పారు, నీళ్ళు పోయడం మరిచారు. సాయంత్రానికి బేస్‌మెంట్ అంతా మురికి వాసన. కరపత్రంలో బొమ్మ చూసి నేనే పోశాను.

మరుసటి రోజు ఎలక్ట్రీషియన్ వచ్చి యంత్రానికి విడిగా ప్లగ్గు పెట్టాడు. ఒంటారియోలో ఆ పనికి విద్యుత్ భద్రతా సంస్థకు తెలియజేయాలి కాబట్టి ఆ రుసుముతో కలిపి పన్నుతో సహా 294 డాలర్లు. స్నానాల గదుల్లో పాత ఫ్యాన్లు తీసేసి, గోడకు బొత్తాలు పెట్టారు. ఒకసారి నొక్కితే ఇరవై నిమిషాలు, రెండుసార్లు నొక్కితే నలభై నిమిషాలు యంత్రం పెద్ద వేగంతో నడుస్తుంది. వంటింటి చిమ్నీని కూడా దీనికే కలిపేస్తారని నేను అనుకున్నాను, అది కూడదు. నూనె జిడ్డు ఆ రేకుల్లో పట్టిందంటే కడిగినా వదలదు. తాలింపు వేసేటప్పుడు చిమ్నీ వేరు, ఇది వేరు. ఫర్నేస్ ఫ్యాను కూడా దీనితో పాటు నడిచేలా తీగలు కలిపి, నాలుగు గంటలకు సామాను సర్దుకున్నారు. గాలి వేగాలు కొలిచి సరిచేయరా అని అడిగితే, చీకటి పడుతోంది, మళ్ళీ వచ్చి చేస్తామన్నారు. మిగతా సొమ్ములో 500 డాలర్లు ఆ రోజు ఇవ్వకుండా ఆపడం ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని.

ఫిబ్రవరి 3 రాత్రి ఒటావాలో చలి మైనస్ 30 ప్రాంతానికి పడిపోయింది. కొత్త యంత్రానికి మొదటి పరీక్ష అని నేను నిద్ర మానుకుని బేస్‌మెంట్‌లోనే కుర్చీ వేసుకున్నాను. అరగంటకోసారి యంత్రం ఉన్నట్టుండి హోరుమని, కొన్ని నిమిషాల తర్వాత మామూలయ్యేది. పాడయిందేమోనని గుండె దడదడలాడింది. కరపత్రం తిరగేస్తే, రేకుల మీద మంచు కట్టకుండా బయటి దారి మూసుకుని ఇంటి గాలినే తిప్పి మంచు కరిగించుకుంటుందని రాసి ఉంది. తెల్లవారుజామున పాకం చూసే థర్మామీటరును మంచి గాలి గొట్టంలో పెట్టి చూస్తే 11 డిగ్రీలు. బయట మైనస్ 30, లోపలికి వచ్చేసరికి 11! మావారిని నిద్ర లేపి మరీ చూపించాను. ఆ అంకె వెనక తప్పు దాగి ఉందని అప్పటికి తెలియదు.

ఫిబ్రవరి 5న చలి విరిగింది, బేస్‌మెంట్‌లో చుక్కలు పడడం మొదలైంది. బయటి నుంచి వచ్చే గొట్టం చుట్టూ దూదిలాంటి గాజు పీచు, దాని పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. ఆ తొడుగు అంచును గోడ దగ్గర గాలి చొరకుండా టేపుతో పూర్తిగా మూయాలి. మా వాళ్ళు ముందు వైపు మూసి, వెనక గోడ వైపు చేయి పట్టని చోట వదిలేశారు. బేస్‌మెంట్ గాలి ఆ సందులోంచి లోపలికి పోయి, గడ్డకట్టిన గొట్టం మీద మంచై పేరుకుని, ఇప్పుడు కరిగి కారుతోంది. అత్తయ్యగారు ఇత్తడి గిన్నె తెచ్చి కింద పెట్టారు. టప్, టప్ అని రాత్రంతా. చెమ్మ వదిలించుకోవడానికి ఐదు వేలు ఖర్చుపెట్టి ఇంట్లో గిన్నె పెట్టుకున్నాం. సోమవారం ఫోన్ చేస్తే ఫిబ్రవరి 20 దాకా ఖాళీ లేదన్నారు.

అంతకంటే భయపెట్టినది 7వ తేదీ సాయంత్రం జరిగింది. వీధి తలుపు తీయడానికి బలం పట్టడం, తీయగానే బయటి గాలి ఈలతో లోపలికి తోసుకురావడం రెండు రోజులుగా గమనిస్తున్నాను. మా నీళ్ళు కాచే గ్యాస్ హీటరు పాత రకం. మంట పొగ దానంతటదే పొగగొట్టంలోకి పైకి పోవాలే తప్ప నెట్టడానికి ఫ్యాను లేదు. హెచ్‌ఆర్‌వీ, చిమ్నీ, బట్టలారబెట్టే యంత్రం మూడూ నడుస్తుండగా పూజ గూట్లోంచి ఒక అగరువత్తి వెలిగించి తెచ్చి హీటరు పైనున్న గొడుగు అంచు దగ్గర పట్టుకున్నాను. పొగ లోపలికి పోవాలి. పోలేదు. ఒక క్షణం తటపటాయించి, కిందికి వంగి, నా ముఖం మీదికి వచ్చింది. అంటే గ్యాస్ మండిన పొగ కూడా అలాగే ఇంట్లోకి వస్తుంది. పడకగదుల దగ్గరున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగలేదు గానీ, అది మోగేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. మూడూ ఆపేసి, కిటికీలు తెరిచి, కోట్లు వేసుకుని కూర్చున్నాం. అప్పుడే ఫోన్ చేసి అగరువత్తి సంగతి చెప్పాను. 20వ తేదీ కాస్తా 9వ తేదీ అయింది.

9న మొదట కొలతలు వేసిన ఆవిడే స్వయంగా వచ్చింది. గొట్టాలకు చిన్న కన్నాలు పెట్టి, సన్నటి రబ్బరు గొట్టాలు దూర్చి, ముల్లున్న మీటరు మీద చదివింది. బయటికి పోతున్న గాలి 92, లోపలికి వస్తున్నది 58. రెండింటికీ తేడా పది శాతం లోపు ఉండాలి. మంచి గాలి గొట్టం ఒక మలుపులో నలిగి సగం మూసుకుపోయి ఉంది. నేను మురిసిపోయిన 11 డిగ్రీల రహస్యం కూడా అప్పుడు విడిపోయింది: బయటికి వెచ్చటి గాలి ఎక్కువగా పోతూ, లోపలికి చల్లటి గాలి తక్కువగా వస్తే ఆ కాస్త గాలి బాగానే వేడెక్కుతుంది, తక్కిన లోటంతా ఇంటి సందుల్లోంచి చల్లగాలి పూడుస్తుంది. నలిగిన గొట్టం బదులు రేకు గొట్టం వేసి, లోపలి మూతలు తిప్పి, కొలిచి, మళ్ళీ తిప్పి, రెండు గంటల తర్వాత 68కి 66 తెచ్చింది. గోడ వెనక టేపు కూడా తానే పడుకుని వేసింది. హీటరు దగ్గర మళ్ళీ అగరువత్తి పెట్టించాను. ఈసారి పొగ దారంలా తిన్నగా గొడుగులోకి పోయింది. ఆ అంకెలు, తేదీ, సంతకం ఉన్న కాగితం యంత్రం మూతకు అంటించాకే ఆపిన 500 డాలర్లు ఇచ్చాను. నిజానికి సంతకాల రోజునే ఒప్పందంలో ఈ కాగితం గురించి ఒక వాక్యం రాయించుకుని ఉండవలసింది. పెట్టె ఎవరైనా వేలాడదీస్తారు. నాకు కావలసిన పని ఈ రెండు గంటలది.

మార్పు వారంలో తెలిసింది. ఫిబ్రవరి 16 ఉదయం పిల్లల గదిలో 2,140 ఉన్న చోట 830. తేమ 34 శాతం. అద్దాలు అంచుల్లో తప్ప పొడిగా ఉన్నాయి. మా అబ్బాయి దగ్గు నెలాఖరుకు తగ్గింది. యంత్రం వల్లనో, చలి తగ్గడం వల్లనో నేను చెప్పలేను. మరో పక్క గాలి పొడిబారింది కూడా. మార్చి మొదట్లో తేమ 26కు పడిపోయి అత్తయ్యగారి పెదవులు పగిలాయి, ముక్కులో మంట పుట్టింది. మొదటాయన మాట పూర్తిగా అబద్ధం కాదని ఒప్పుకోవలసి వచ్చింది. కొబ్బరి నూనె రాసుకుంటూ ఆవిడ, “మొన్నటిదాకా తడి, ఇప్పుడు ఎండ. మధ్యలో ఏమీ ఉండదా అమ్మాయ్?” అన్నారు. మధ్యలో ఉండడానికి గంటకు ఇరవై నిమిషాలు మాత్రం నడిచే అమరిక ఒకటి ఉంది. అది పెట్టి, బట్టల తాడు మళ్ళీ బేస్‌మెంట్‌లో కట్టించి, రోజూ ఇడ్లీ పెట్టమని ఆవిడను బతిమాలుకున్నాం. 32 దగ్గర నిలిచింది. ఏప్రిల్ 22న రాజమండ్రి వెళ్ళేదాకా ఆవిడ ప్రతి ఉదయం కాఫీ కంటే ముందు ఆ అంకె చూసేవారు.

ఖర్చు లెక్క రాసి పెట్టుకున్నాను. పని 4,600, పూజ గది తిప్పుడు 250, వాటి మీద పన్నుతో 5,480, ఎలక్ట్రీషియన్ 294, దుప్పట్ల అరలో జిప్సం పలకలు, రంగు, మావారి చేతి పనితో 85, కొలిచే పరికరం 240. అన్నీ కలిపి 6,099 డాలర్లు. దీనికి గ్రాంటు ఏమీ రాలేదు. కరెంటు బిల్లు నెలకు 12, 13 డాలర్లు పెరిగింది, అందులో సగానికి పైగా ఫర్నేస్ ఫ్యానుదే అయి ఉంటుంది. చప్పుడు చిన్న వేగంలో ఫ్రిజ్ అంత కూడా లేదు. యంత్రం లోపల దుమ్ము పట్టే జాలీలను రెండు నెలలకోసారి కడగాలి, రేకుల దొంతరను ఏడాదికి రెండుసార్లు తొట్టిలో నానబెట్టి ఆరబెట్టాలి; ఆ ఆరబెట్టిన పూట యంత్రం ఆగుతుంది. బయటి కన్నానికున్న వల మీద దూది పింజలు పట్టడం కూడా చూసుకోవాలి.

ఇంతా చేసి, జూన్ మొదటి వారంలో క్యుబెక్ అడవుల మంటల పొగ ఒటావా మీద కమ్మింది. మధ్యాహ్నం సూర్యుడు కుంకుమ బొట్టులా కనిపించాడు. పడకగదిలో కట్టెల పొయ్యి వాసన వచ్చేదాకా నాకు తట్టలేదు, దాన్ని లోపలికి తెస్తున్నది మన యంత్రమేనని. బయటి దారి మూసి ఇంటి గాలినే తిప్పే అమరికలో నాలుగు రోజులు ఉంచాను. రెండో రోజుకే పిల్లల గదిలో అంకె 1,500 దాటింది, అయినా తెరవలేదు. పొగ విడిచాక జాలీ తీసి చూస్తే, ఏప్రిల్‌లో తెల్లగా ఉన్నది విభూతి రంగుకు తిరిగింది. సన్నటి పొగ రేణువులను ఆపగల దట్టమైన ఫిల్టరు ఒకటి దొరుకుతుందని తెలిసి ఆ వారమే కొన్నాను, పెట్టలేదు. అది పెడితే లోపలికి వచ్చే గాలి తగ్గుతుంది, 66 కాస్తా ఎంతకు దిగుతుందో కొలవాలి, మూతలు మళ్ళీ తిప్పాలి. ఫిల్టరు విప్పని పెట్టెలో యంత్రం పక్కనే ఉంది. సెప్టెంబర్ 12న మీటరుతో వస్తానని ఆవిడ మాటిచ్చింది.